కవలల కాన్పులో పేగు చుట్టుకోవడం: ఎప్పుడు మామూలు, ఎప్పుడు ప్రమాదం

ఎనిమిదో నెల స్కానింగ్ రిపోర్టులో బిడ్డ మెడ చుట్టూ బొడ్డుతాడు (మన ఇళ్లలో పేగు అనేది) ఒక చుట్టు ఉందని ఒక్క లైను కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. లోపల ఉన్నది కవలలైతే ఆ టెన్షన్‌కు అంతే లేదు. ఆ కాగితం పట్టుకుని ఆదోని నుంచి కర్నూలుకు, కల్యాణదుర్గం నుంచి అనంతపురానికి, బద్వేలు నుంచి కడపకు బస్సెక్కే కుటుంబాలు ఎన్నో. అక్కడ ఒకరికి డాక్టరమ్మ "ఏం కాదులేమ్మా, నొప్పులొచ్చినప్పుడు రా" అని చెప్పి పంపేస్తుంది. ఇంకొకరిని అప్పటికప్పుడే అడ్మిట్ చేసుకుని, 33వ వారానికే ఆపరేషన్ చేసి పిల్లల్ని బయటికి తీస్తారు. వేరొకచోట మొదటి బిడ్డ మామూలుగానే పుట్టి, రెండో బిడ్డకు మాత్రం హడావుడిగా సిజేరియన్ చేయాల్సి వస్తుంది. కారణం అడిగితే మూడు చోట్లా వినిపించేది పేగు మాటే.

దీంతో బంధువులు రెండు వర్గాలవుతారు. డబ్బుల కోసం భయపెట్టారని కొందరంటారు, పట్టించుకోకుండా పంపేశారని ఇంకొందరంటారు. నిజానికి ఆ ముగ్గురు డాక్టర్లూ సరిగ్గానే చేసి ఉండొచ్చు. బిడ్డ మెడకు తన పేగే చుట్టుకోవడం ఒక సంగతి. ఇద్దరు పిల్లల పేగులు ఒకదానితో ఒకటి మెలిపడటం ఇంకో సంగతి. కాన్పు సమయంలో బిడ్డకంటే ముందు పేగు కిందికి జారడం మరో సంగతి. ఈ మూడింటిలో ప్రమాదం ఒకేలా ఉండదు. కవలల తల్లి విషయంలో అన్నిటికంటే ముందు తేలాల్సింది ఒకటుంది: ఇద్దరు పిల్లల మధ్య పొర ఉందా, లేదా? దీనికి జవాబు మూడో నెల చివర్లో తీసే స్కానింగ్‌లోనే స్పష్టంగా దొరుకుతుంది. ఎనిమిదో నెలలో అందరూ కంగారుపడే ఆ లైనుకంటే, మూడో నెల రిపోర్టులో ఎవరూ చదవని ఆ రెండు మూడు మాటలే ఎక్కువ చెబుతాయి.

పేగు మెడకు చుట్టుకుంటే ఊపిరాడదా?

నెలలు నిండేసరికి బొడ్డుతాడు సాధారణంగా 50 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ఒక చివర బిడ్డ బొడ్డుకు, ఇంకో చివర మాయకు అతుక్కుని ఉంటుంది. లోపల మూడు రక్తనాళాలుంటాయి. రెండు ధమనులు బిడ్డ వాడుకున్న రక్తాన్ని మాయకు తీసుకెళ్తాయి. ఒక సిర ఆక్సిజన్, పోషకాలు నిండిన రక్తాన్ని బిడ్డకు తెస్తుంది. ఈ మూడింటి చుట్టూ వార్టన్స్ జెల్లీ అనే జిగురు పదార్థం దట్టంగా ఉంటుంది. పైగా తాడు మొత్తం పాత ల్యాండ్‌లైన్ ఫోన్ వైరులా మెలికలు తిరిగి ఉంటుంది. అందువల్ల కొంచెం లాగినా, వంచినా లోపలి రక్తనాళాలు అంత తేలిగ్గా నొక్కుకుపోవు.

పెద్దవాళ్ల మెడకు తాడు బిగిస్తే గొంతు మూసుకుని ఊపిరి ఆగుతుంది. కడుపులో బిడ్డ సంగతి అది కాదు. ఉమ్మనీటిలో ఉన్న బిడ్డ ముక్కుతోనో నోటితోనో గాలి పీల్చదు. ఆక్సిజన్ వచ్చే దారి ఆ పేగు ఒక్కటే. కాబట్టి మెడకు చుట్టుకోవడం వల్ల గొంతు నులిమినట్టు అవుతుందన్న భయానికి ఆధారం లేదు. పేగు ఎక్కడున్నా సరే, మెడ దగ్గరైనా, కాలి దగ్గరైనా, తలకూ కటి ఎముకకూ మధ్యనైనా, అందులో రక్తం పారడం ఆగిపోవడమే అసలు ప్రమాదం. చుట్టు ఉన్నా రక్తం బాగా పారుతుంటే బిడ్డ క్షేమంగా ఉంటుంది. చుట్టు లేకపోయినా పేగు ఎక్కడైనా నలిగితే బిడ్డ కష్టంలో పడుతుంది.

పేగు నొక్కుకున్నప్పుడు గోడ పలుచగా ఉండే సిర ముందు మూసుకుంటుంది, ధమనులు తర్వాత. ఆ మార్పుకు బిడ్డ గుండె వేగం చటుక్కున పడిపోయి, ఒత్తిడి తగ్గగానే మళ్లీ పైకి లేస్తుంది. కాన్పు గదిలో పొట్టకు బెల్టులు కట్టి గుండె చప్పుడును కాగితంపై గీతలుగా తీసే సీటీజీ మిషన్ పట్టుకునేది దీన్నే. నొప్పి వచ్చినప్పుడు అప్పుడప్పుడూ పడి వెంటనే కోలుకునే గీతలు చాలా కాన్పుల్లో కనిపిస్తాయి. అవి లోతుగా, ఎక్కువసేపు, మాటిమాటికీ పడుతుంటే డాక్టర్లు తొందరపడతారు.

మెడకు ఒక చుట్టు: నాలుగైదు కాన్పుల్లో ఒకటి

నెలలు నిండిన కాన్పుల్లో సుమారు 20 నుంచి 30 శాతం పిల్లలకు పుట్టేటప్పుడు మెడ చుట్టూ పేగు ఉంటుంది. అంటే వెయ్యి కాన్పులు జరిగితే 200 నుంచి 300 మంది పిల్లలు అలాగే పుడతారు. వీరిలో అత్యధికులు ఏ ఇబ్బందీ లేకుండా బయటికొస్తారు. తల బయటపడగానే నర్సో డాక్టరో వేలితో ఆ చుట్టును తల మీదుగా తప్పిస్తారు, అంతే. చుట్టు బిగుతుగా ఉంటే తలను తల్లి తొడ వైపు ఆనించి, బిడ్డ ఒంటిని పల్టీ కొట్టించినట్టుగా బయటికి తీసే పద్ధతి ఒకటుంది. క్లాంపులు పెట్టి పేగును అక్కడే కోయడం చివరి మార్గం.

కవలలకు ఈ లెక్కను అన్వయించి చూద్దాం. ఒక్కో బిడ్డకు చుట్టు ఉండే అవకాశం నాలుగింట ఒకటి అనుకుందాం. అంటే ఒక్కో బిడ్డకు చుట్టు లేకపోయే అవకాశం నాలుగింట మూడు. ఇద్దరికీ లేకపోయే అవకాశం పదహారింట తొమ్మిది. మిగిలిన ఏడు భాగాల్లో కనీసం ఒక బిడ్డకైనా చుట్టు ఉంటుంది. వంద మంది కవలల తల్లుల్ని తీసుకుంటే సుమారు 44 మంది. ఇది ఊహించిన లెక్కే అయినా ఒక సంగతి తేటపడుతుంది. కవలల రిపోర్టులో ఎవరో ఒకరి మెడకు చుట్టు కనిపించడం వింతేమీ కాదు.

పైగా ఆ చుట్టు ఉన్నచోటే ఉంటుందన్న గ్యారంటీ లేదు. బిడ్డ కదులుతూ ఉంటుంది కాబట్టి ఈ రోజు కనిపించిన చుట్టు వారం తర్వాత ఊడిపోవచ్చు, లేనిది కొత్తగా పడొచ్చు. పేగుకు నిజమైన ముడి పడటం కూడా ఉంది, కానీ అది సుమారు నూటికి ఒక కాన్పులో కనిపించేది. బిగుసుకుంటే ప్రమాదమే. చాలాసార్లు మాత్రం బిడ్డ పుట్టాకే ముడి ఉన్నట్టు తెలుస్తుంది.

మన ఇళ్లలో గర్భిణి పక్క మార్చి పడుకోబోతే పెద్దావిడ "అట్ల దొర్లొద్దు మా, పేగు సుట్టుకుంటాది, లేసి కూసోని తిరిగి పండుకో" అంటుంది. చేతులు పైకెత్తి బట్టలు ఆరేయొద్దంటారు. తల్లి కదలికలకూ పేగు చుట్టుకోవడానికీ సంబంధం లేదు. ఉమ్మనీటిలో బిడ్డ తిరిగే తిరుగుళ్లే కారణం. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట, ఎందుకంటే బిడ్డకు ఏమైనా అయినప్పుడు "నువ్వే దొర్లావు" అన్న నింద ఆ తల్లి మీద పడుతుంది. బిడ్డ పోయిన దుఃఖంలో ఉన్న మనిషి మీద చేయని తప్పు మోపడం చాలా క్రూరం.

ఇంకో ఆచారం కూడా ఉంది. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండమని, ఆయన ముందుగా నూనెలో బిడ్డ నీడ చూశాకే ముఖం చూడాలని అంటారు. గండం మాటెలా ఉన్నా, ఈ ఆచారం నుంచి మనకు తెలిసేది ఒకటుంది. దీనికోసం ఒక పద్ధతే ఏర్పడిందంటే, అలాంటి పిల్లలు ఎప్పటినుంచో తరచుగా పుడుతూనే ఉన్నారు, పుట్టి మేనమామల ఒళ్లో పెరుగుతూనే ఉన్నారు.

ఎన్ని మాయలు, ఎన్ని సంచులు

కవలలు రెండు దారుల్లో వస్తారు. రెండు అండాలు విడివిడిగా ఫలదీకరణ చెందితే వేరువేరు పోలికల కవలలు. వీరికి దాదాపు ఎప్పుడూ రెండు మాయలు, రెండు ఉమ్మనీటి సంచులు ఉంటాయి. ఒకే అండం తర్వాత రెండుగా చీలితే ఒకే పోలిక కవలలు. ఇక్కడ ఆ చీలిక ఎన్నో రోజు జరిగిందన్నదే అంతా నిర్ణయిస్తుంది.

మొదటి మూడు రోజుల్లో చీలితే రెండు మాయలు, రెండు సంచులు. రిపోర్టులో దీన్ని డీసీడీఏ అని రాస్తారు. ఒకే పోలిక కవలల్లో సుమారు మూడో వంతు ఇలా వస్తారు. నాలుగు నుంచి ఎనిమిది రోజుల మధ్య చీలితే మాయ ఒకటే, సంచులు మాత్రం రెండు. ఇది ఎంసీడీఏ, ఎక్కువ మంది ఈ రకమే. ఎనిమిదో రోజు దాటాక చీలితే మాయా ఒకటే, సంచీ ఒకటే. ఇది ఎంసీఎంఏ. ఇద్దరు పిల్లలూ ఏ పొరా అడ్డు లేకుండా ఒకే ఉమ్మనీటిలో ఉంటారు. ఒకే పోలిక కవలల్లో సుమారు నూటికి ఒకటి నుంచి ఐదు జంటలు ఇలాంటివి, మొత్తం గర్భాల్లో చూస్తే సుమారు పదివేలకు ఒకటి. 13వ రోజు దాటాక చీలిక మొదలైతే అది పూర్తికాక అతుక్కున్న కవలలు పుడతారు.

ఈ రకం తేల్చడానికి సరైన సమయం 11 నుంచి 14 వారాలు. మాయ దగ్గర రెండు సంచులు కలిసేచోట పొర మందంగా, గ్రీకు అక్షరం లాంబ్డా (λ) ఆకారంలో కనిపిస్తే మాయలు రెండు. సన్నటి పొర మాయను నేరుగా తాకుతూ ఇంగ్లిష్ టీ అక్షరంలా కనిపిస్తే మాయ ఒకటి, సంచులు రెండు. పొరే కనిపించకపోతే ఒకే సంచి కావొచ్చని అనుమానించి మళ్లీ జాగ్రత్తగా చూస్తారు. నెలలు పెరిగేకొద్దీ పొర పలుచబడుతుంది, పిల్లలు స్థలమంతా నిండిపోతారు, పక్కపక్కనే ఉన్న రెండు మాయలు అతుక్కుని ఒకటే అన్నట్టు కనిపిస్తాయి. అందుకే ఏడో నెలలో మొదటిసారి తీసిన స్కాన్‌లో "మాయ ఒకటే" అని ఉంటే దాన్ని పూర్తిగా నమ్మలేం. ఒకరు ఆడ, ఒకరు మగ అయితే మాయలు రెండేనని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. కానీ 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఆ మాట గర్భిణికి చెప్పడం నేరం కాబట్టి కుటుంబానికి ఆ ఆధారం అందదు, అందకపోవడమే మంచిది కూడా.

మధ్యలో పొర లేనప్పుడు

పొర ఉన్నంతవరకు ఒక బిడ్డ పేగు ఇంకో బిడ్డ దగ్గరికి వెళ్లే దారే లేదు. ఆ పిల్లలకు చుట్టు పడితే అది తమ పేగే. పొర లేని జంటలో లెక్క తలకిందులవుతుంది. మాయ ఒకటే కావడంతో రెండు పేగులూ తరచూ దగ్గరదగ్గరగా మొదలవుతాయి. స్థలం ఎక్కువ ఉండే తొలి నెలల్లో పిల్లలు ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు. ఫలితంగా ఈ రకం కవలల్లో దాదాపు అందరికీ పేగులు మెలిపడతాయి, చాలామందికి మూడు నాలుగు నెలలకే. తల్లి ఎలా పడుకున్నా, ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇది ఆగదు. పడ్డ మెలికను విప్పే మందు గానీ, ఆసనం గానీ, మర్దన గానీ లేవు.

స్కానింగ్‌లో దీన్ని గుర్తుపట్టే పద్ధతి ఒకటి నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. రంగుల డాప్లర్‌లో, అంటే రక్తం పారడాన్ని రంగుల్లో చూపే స్కాన్‌లో, పేగులు కలిసిపోయినట్టున్న చోట మిషన్ గురి పెడతారు. పిల్లలిద్దరి గుండె వేగాలు వేరు కాబట్టి, ఒకే చోటు నుంచి రెండు వేర్వేరు లయలు కలగలిసి వస్తాయి. అంటే అక్కడ రెండు పేగులు పెనవేసుకున్నాయన్నమాట.

పాత లెక్కల్లో ఈ రకం కవలల్లో సగం మంది వరకూ దక్కేవారు కాదు. ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగుపడింది. యూరప్, ఉత్తర అమెరికాల్లోని విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో 193 జంటలపై 2014లో వెలువడిన అధ్యయనంలో కడుపులోనే చనిపోయిన పిల్లలు సుమారు 18 శాతం. ఇది చిన్న సంఖ్య కాదు. అయితే వాటిలో చాలా మరణాలు నెలలు బాగా తక్కువగా ఉన్నప్పుడే జరిగినవి.

ఇక్కడ నిపుణుల్లో నిజమైన భిన్నాభిప్రాయం ఉంది. ఈ మరణాలకు మెలిపడ్డ పేగులే కారణమని చాలాకాలం అనుకున్నారు. మెలిక దాదాపు అందరిలోనూ ఉంటుంది కదా, బతికినవాళ్లలోనూ ఉంది, చనిపోయినవాళ్లలోనూ ఉంది, అలాంటప్పుడు నేరం దానిమీద ఎలా మోపుతామని ఇంకొందరు అడిగారు. 2013లో అప్పటివరకు వచ్చిన నివేదికలన్నీ కలిపి పరిశీలించిన ఒక సమీక్ష, మెలిక ఒక్కటే మరణాలకు కారణమని చెప్పలేమని తేల్చింది. పుట్టుకతో వచ్చే లోపాలు, ఒకే మాయలో ఇద్దరి రక్తం కలగలవడం, నెలలు నిండకముందే పుట్టడం వంటివి పెద్ద కారణాలుగా కనిపించాయి. అయినా మెలిక హఠాత్తుగా బిగుసుకుని, ముందురోజు వరకూ బాగున్న బిడ్డ పోయిన ఘటనలూ వైద్యపత్రికల్లో ఉన్నాయి. ఈ రెండూ నిజాలే కాబట్టి డాక్టర్లు మెలిక ఉందా లేదా అని వెతకడం కంటే బిడ్డల గుండె చప్పుడు, ఎదుగుదల మీద నిఘా పెట్టడానికే ఎక్కువ ప్రాధాన్యమిస్తారు. నాకు ఇదే సబబనిపిస్తుంది.

ముగ్గురు తల్లుల్ని ఊహించుకుందాం

మొదటి తల్లిది ఎమ్మిగనూరు అనుకుందాం. 12వ వారం స్కాన్‌లో లాంబ్డా గుర్తు, రెండు మాయలు. 34వ వారంలో కిందనున్న బిడ్డ మెడకు ఒక చుట్టు అని వచ్చింది, ఎదుగుదల, ఉమ్మనీరు బాగున్నాయి. ఆ చుట్టు ఆ బిడ్డ సొంత పేగుదే, అవతలి బిడ్డతో సంబంధం లేదు. ఈమె ప్లాన్ ఆ లైను వల్ల మారదు. సుమారు నాలుగు వారాలకోసారి ఎదుగుదల స్కాన్, 37 లేదా 38 వారాలకు కాన్పు, మొదటి బిడ్డ తల కిందికి ఉంటే మామూలు కాన్పుకు ప్రయత్నం.

రెండో తల్లిది ప్రొద్దుటూరు. ఒకే మాయ, రెండు సంచులు. ఏ రిపోర్టులోనూ చుట్టు లేదు, ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్నారు. కానీ ముగ్గురిలో బయటికి కనిపించని ప్రమాదం ఉన్నది ఈమెకే. ఒకే మాయలో ఇద్దరి రక్తనాళాలు కలిసి ఉంటాయి. ఇలాంటి జంటల్లో 10 నుంచి 15 శాతం వరకూ ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు రక్తం ఎక్కువగా మళ్లిపోతుంది. ఒకరికి ఉమ్మనీరు ఎండిపోతుంది, ఇంకొకరికి పొంగిపోతుంది. దీనికీ పేగు చుట్టుకోవడానికీ సంబంధం లేదు. ఈమెకు 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ అవసరం, కాన్పు సాధారణంగా 36 లేదా 37 వారాలకు. "రిపోర్టంతా బాగుంది కదా, ఇన్ని స్కానులెందుకు?" అన్న ప్రశ్న ఎక్కువగా ఎదురయ్యేది ఇలాంటి కుటుంబాల నుంచే.

మూడో తల్లిది గుంతకల్లు. పొర లేదు. ఈమెకు 26 నుంచి 28 వారాల మధ్య నుంచి, రోజూ గానీ వారంలో కొన్నిసార్లు గానీ, పిల్లల గుండె చప్పుడు చూడటం మొదలవుతుంది. పిల్లల ఊపిరితిత్తులు బలపడేందుకు కాన్పుకు ముందు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో డెక్సామెథసోన్ వాడతారు, 12 గంటలకోటి చొప్పున నాలుగు. 32 నుంచి 34 వారాల మధ్య సిజేరియన్. అమెరికా, బ్రిటన్ మార్గదర్శకాలు రెండూ దాదాపు ఈ సమయమే చెబుతాయి. ఇంతకంటే ఆగితే కడుపులో పోయే ప్రమాదం పెరుగుతుంది. ఇంతకంటే ముందు తీస్తే నెలలు తక్కువ కావడం వల్ల వచ్చే కష్టాలు పెరుగుతాయి. ఆ రెండు ప్రమాదాలూ సరిసమానమయ్యే చోటు 33వ వారం దగ్గర ఉందని లెక్కలు చెబుతున్నాయి. ఆ పిల్లలు చాలావరకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల బరువుతో పుట్టి, కొన్ని వారాలు నవజాత శిశువుల వార్డులో ఉండాల్సి వస్తుంది. అక్కడ వెచ్చదనం, ట్యూబుతో పాలు, కొందరికి శ్వాస సాయం, తల్లి గుండెలకు హత్తుకుని పెట్టుకునే కంగారూ సంరక్షణ, ఇవన్నీ ముఖ్యం.

కాన్పు గదిలో: మొదటి బిడ్డ తర్వాతి నిమిషాలు

పొర ఉన్న కవలలకు మామూలు కాన్పు ప్రయత్నించినప్పుడు, ఎక్కువ జాగ్రత్త కావాల్సింది రెండో బిడ్డ విషయంలో. మొదటి బిడ్డ బయటికి రాగానే గర్భాశయంలో ఒక్కసారిగా ఖాళీ ఏర్పడుతుంది. అప్పటిదాకా తలకిందులుగా ఉన్న రెండో బిడ్డ అడ్డం తిరగొచ్చు. తల ఇంకా పైనే ఉండగా ఉమ్మనీటి సంచి పగిలితే నీటితోపాటు పేగు జారి ముందుకు రావొచ్చు. తల దానిమీద పడి నొక్కితే నిమిషాల్లో ప్రమాదం. అప్పుడు డాక్టరు చేత్తో తలను పైకి నెట్టి పట్టుకుని, తల్లిని మోకాళ్ల మీద బోర్లించి, ఆ స్థితిలోనే ఆపరేషన్ గదికి తీసుకెళ్తారు. అందుకే రెండో బిడ్డ తల కిందికి దిగేదాకా సంచిని తొందరపడి పగలగొట్టరు, గుండె చప్పుడు వదలకుండా చూస్తూనే ఉంటారు.

మొదటి బిడ్డ పేగును క్లాంపు పెట్టి మూయడం వెనకా కారణముంది. ఒకే మాయ అయితే, తెరిచి ఉన్న పేగు ద్వారా రెండో బిడ్డ రక్తం కూడా పోయే అవకాశం ఉంది. ఏ పేగు ఎవరిదో తెలిసేలా మొదటి బిడ్డ వైపు ఒక క్లాంపు, రెండో బిడ్డ వైపు రెండు పెట్టడం చాలా ఆసుపత్రుల్లో అలవాటు. అలాగే బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆగడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ను రెండో బిడ్డ పుట్టేదాకా ఇవ్వకూడదు. ఇస్తే లోపలున్న బిడ్డ మీద గర్భాశయం గట్టిగా బిగుసుకుంటుంది. కవలలని తెలియకుండా ఊళ్లోనో దారిలోనో కాన్పు జరిగినప్పుడు ఎదురయ్యే ఆపద ఇది.

పొర లేని జంటకు మామూలు కాన్పు ఎందుకు వద్దంటారో చెప్పే కారణం అన్నిటికంటే భయంకరమైనది. మొదటి బిడ్డ తల బయటికొచ్చింది, మెడకు పేగు బిగుతుగా ఉంది, తప్పించలేక కోశారు. కానీ అది రెండో బిడ్డ పేగు. లోపలున్న బిడ్డకు ఆక్సిజన్ ఆ క్షణమే ఆగిపోతుంది. ఇలాంటి ఘటనలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. మెలిపడ్డ పేగుల్లో ఏది ఎవరిదో ఆ తొందరలో చేత్తో తడిమి చెప్పడం అసాధ్యం.

కవలలంటే ఆపరేషనేనా?

కాదు. 25 దేశాల్లో సుమారు 2,800 మంది కవలల తల్లులపై జరిగి 2013లో వెలువడిన పెద్ద అధ్యయనం ఉంది. మొదటి బిడ్డ తల కిందికి ఉన్నవాళ్లను 32 నుంచి 38 వారాల మధ్య రెండు వర్గాలు చేశారు. సిజేరియన్ ప్లాన్ చేసినవారిలో బిడ్డ మరణం లేదా తీవ్రమైన ఇబ్బంది 2.2 శాతం, మామూలు కాన్పు ప్లాన్ చేసినవారిలో 1.9 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. పొర లేని కవలల్ని ఈ అధ్యయనంలో చేర్చలేదని గుర్తుంచుకోవాలి.

ఇంకో వైపు వాదన కూడా బలమైనదే. మామూలు కాన్పు అనుకున్న వర్గంలోనూ సుమారు 44 శాతం మందికి చివరికి సిజేరియన్ చేశారు. నూటికి నలుగురికి మొదటి బిడ్డ మామూలుగా పుట్టి, రెండో బిడ్డకు పొట్ట కోయాల్సి వచ్చింది. పైగా ఆ ఆసుపత్రుల్లో కవలల కాన్పులో అనుభవం ఉన్న డాక్టర్లు, వెంటనే ఆపరేషన్ చేసే వీలు ఉన్నాయి. అర్ధరాత్రి మత్తు డాక్టరు అందుబాటులో లేని చిన్న నర్సింగ్ హోమ్‌లో అదే ధైర్యం చేయలేమని ఒక డాక్టరు అంటే తప్పుపట్టలేం.

మరోపక్క జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశం మొత్తం మీద 21.5 శాతం. ఈ అంకెలు చూశాక "పేగు చుట్టుకుందని చెప్పి కోసేశారు" అన్న అనుమానం జనానికి రావడం సహజం. మెడ చుట్టును రిపోర్టులో రాయాలా వద్దా అన్న చర్చ డాక్టర్లలో ఉన్నదీ ఇందుకే. రాస్తే కుటుంబం భయపడి తానే ఆపరేషన్ అడుగుతుందని, ప్లాన్ మార్చని విషయం రాసి లాభమేమిటని కొందరంటారు. కనిపించింది దాచకూడదని, తర్వాత ఏదైనా జరిగితే ఎందుకు చెప్పలేదని నిలదీస్తారని ఇంకొందరంటారు. నా మటుకు రాయడమే మంచిది. కాకపోతే పక్కనే దానివల్ల ప్లాన్ మారదన్న మాటా చెప్పాలి. మెడకు ఒక చుట్టు ఉండటం ఒక్కటే, గుండె చప్పుడు, ఎదుగుదల బాగున్నప్పుడు, ముందుగా సిజేరియన్ చేయడానికి కారణం కాదు.

దూరాలు, సుగ్గి, పోగొట్టుకున్న రిపోర్టు

పొర లేని కవలల తల్లిని 28వ వారం నుంచే ఆసుపత్రిలో ఉంచాలా, ఇంటి నుంచి వచ్చిపోతే చాలా అన్నది మరో చర్చ. 28 నుంచి 33 వారాల వరకు అంటే 35 రోజులు. ఇంట్లో ఇంకో చిన్న బిడ్డ ఉన్న తల్లికి, ఆమె పక్కన కూర్చునే మనిషికి కూలి పోయే కుటుంబానికి అది చాలా పెద్ద భారం. దగ్గరగా గమనిస్తూ ఇంటి నుంచి రప్పించినా ఫలితాలు పెద్దగా తేడా లేవని పైన చెప్పిన 2014 అధ్యయనంతోపాటు తర్వాతివీ సూచించాయి. కానీ అవి దాదాపు అన్నీ పెద్ద ఆసుపత్రుల చుట్టూ ఉన్న తల్లుల లెక్కలు. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి సుమారు వంద కిలోమీటర్లు. వారంలో మూడు నాలుగుసార్లు ఆ దారిలో వచ్చిపోవడం నిండు గర్భిణికి సాధ్యమయ్యే పని కాదు. గుండె చప్పుడు పడిపోతే 108లో వచ్చేసరికి ఆలస్యమవుతుంది. కాబట్టి మన దగ్గర, కనీసం దూరపు మండలాల తల్లులకు, ఆసుపత్రిలో ఉండటమో, ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే బంధువుల ఇంట్లో ఉండటమో తప్పదనిపిస్తుంది. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రులు, కడప రిమ్స్ లాంటి బోధనాసుపత్రులకు పంపడానికి కారణం కూడా ఇదే. అక్కడ ఆపరేషన్ గది, నవజాత శిశువుల ప్రత్యేక వార్డు ఒకే ప్రాంగణంలో ఉంటాయి.

కర్నూలు పడమటి మండలాల్లో ఇంకో చిక్కుంది. కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు మిరప కోతలకూ పత్తి తీతకూ గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, వెళ్తాయి. గర్భిణులూ వెళ్తారు. మూడో నెల స్కాన్ ఒక జిల్లాలో, ఏడో నెల స్కాన్ ఇంకో జిల్లాలో. లేదా మూడో నెల స్కానే ఉండదు. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు డాక్టరు పరీక్షలు జరిపే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ 2016 నుంచి నడుస్తోంది. ప్రమాదం ఉన్న గర్భాలను ముందే గుర్తించడం దాని ఉద్దేశాల్లో ఒకటి. కానీ ఆ రోజు ఊళ్లో లేని మనిషిని ఆశా కార్యకర్త ఎలా తీసుకెళ్తుంది?

ఆ తొలి రిపోర్టు లేకుండా ఏడో నెలలో వచ్చిన కవలల తల్లికి మాయలు ఎన్నో తేలకపోతే, వేరే రుజువు దొరికేదాకా ఒకే మాయ ఉన్నట్టుగానే లెక్కేసి చూడాలని మార్గదర్శకాలు చెబుతాయి. అంటే ఆమెకు రెండు వారాలకోసారి స్కాన్ పడుతుంది. పొర కోసం ప్రతిసారీ వెతుకుతారు, పిల్లలిద్దరి ఎదుగుదలనూ ఉమ్మనీటినీ పోల్చి చూస్తారు, కాన్పు తేదీ కూడా ఆ లెక్క ప్రకారమే తొందరగా వస్తుంది. రెండు మాయలే ఉన్న తల్లికైతే ఆ ఖర్చు, ఆ ప్రయాణాలు చాలావరకు తప్పేవే.